విల్సన్ స్టార్మ్ పెట్రెల్: హైదరాబాద్ పక్షి ప్రేమికులు తరచుగా అడిగే ప్రశ్నలు

అమీన్‌పూర్ చెరువైనా, కోట్‌పల్లి ప్రాజెక్టైనా, ఆదివారం పొద్దున పక్షులు చూడటానికి వచ్చినవాళ్ల మాటలు సముద్రం వైపు మళ్లాయంటే ఈ చిన్న పక్షి ప్రస్తావన వచ్చి తీరుతుంది. వచ్చిన ప్రతిసారీ అవే డౌట్లు. అందుకని జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## ముందుగా పక్షి గురించి

అసలు ఇది ఏ పక్షి? ఎంత ఉంటుంది?

దక్షిణ మహాసముద్రాల్లో ఉండే చిన్న సముద్ర పక్షి. శాస్త్రీయ నామం ఓషియనైటిస్ ఓషియానికస్. ముక్కు నుంచి తోక దాకా 16 నుంచి 18 సెంటీమీటర్లు, రెక్కలు చాపితే 40 సెంటీమీటర్ల చుట్టుపక్కల, బరువు 35 నుంచి 40 గ్రాములు. అంటే మన పెరట్లో తిరిగే పిగిలిపిట్ట బరువే. ఒళ్లంతా ముదురు గోధుమ నలుపు, తోక మొదట్లో తెల్లటి పట్టీ. అంటార్కిటికాలో పిల్లల్ని పెంచే వేడి రక్తపు జీవుల్లో ఇంతకంటే చిన్నది లేదు.

పెంగ్విన్ పెద్ద ఒంటితో, మందపాటి కొవ్వుతో ఆ చలిని తట్టుకుంటుందంటే అర్థం చేసుకోవచ్చు. నలభై గ్రాముల ఒంటికి అంత వెసులుబాటు ఎక్కడిది? అయినా ఏటా అక్కడికే వెళ్లి పిల్లని పెంచి వస్తుంది. ఈ పక్షి మీద నా ఇష్టమంతా అక్కడే మొదలైంది.

ఆల్బట్రాస్‌కి చుట్టమట, నిజమేనా?

నిజమే. రెక్కలు చాపితే మూడు మీటర్లు దాటే వాండరింగ్ ఆల్బట్రాస్, అరచేతిలో పట్టే ఈ పెట్రెల్ ఒకే క్రమానికి చెందినవి. రెండింటికీ ముక్కు మీద గొట్టంలాంటి నాసికా రంధ్రాలుంటాయి. ఆల్బట్రాస్‌కి అవి ముక్కుకి చెరో పక్కన విడిగా ఉంటే, పెట్రెల్‌కి రెండూ కలిసి ముక్కు పైన ఒకే గొట్టంగా ఉంటాయి.

విల్సన్ అంటే స్కాట్‌తో అంటార్కిటికా వెళ్లిన ఆయనేనా?

కాదు. కెప్టెన్ స్కాట్‌తో దక్షిణ ధ్రువానికి వెళ్లి 1912లో తిరుగు దారిలో చనిపోయినది ఎడ్వర్డ్ విల్సన్. ఈ పక్షికి పేరిచ్చినది స్కాట్లండ్‌లో పుట్టి అమెరికా పక్షుల మీద పనిచేసిన అలెగ్జాండర్ విల్సన్. ఆయన 1813లోనే చనిపోయారు. పక్షిని శాస్త్రీయంగా వర్ణించినది 1820లో, హైన్‌రిక్ కూల్.

ఇది కనిపిస్తే తుఫాను వస్తుందంటారు కదా?

పాతకాలం నావికుల నమ్మకం అది. గాలి బాగా పెరిగినప్పుడు ఈ పక్షులు ఓడ చాటుకి చేరతాయి, ఓడ వెనక నురగలో తిండి కూడా దొరుకుతుంది. పక్షులు కనిపించాయి, వెంటనే గాలివాన వచ్చింది. రెండూ కలిపి చూసిన నావికుడికి పక్షే తుఫానుని తెచ్చినట్టు అనిపించింది. తుఫాను సంగతి తెలుసుకోవడానికి వాతావరణ శాఖ బులెటిన్ చూడండి.

## సముద్రం మీద బతుకు

నీళ్ల మీద నడుస్తుందా? వీడియోల్లో అలాగే కనిపిస్తోంది.

నడకలా కనిపించేది నిజానికి నడక కాదు. పక్షుల్ని రప్పించడానికి బోటు వెనక వేసిన చేపనూనె పొర మీదికి ఇవి వచ్చినప్పుడు దగ్గర నుంచి చూస్తే తెలుస్తుంది. గాలికి ఎదురు తిరిగి, రెక్కలు పైకెత్తి దాదాపు కదలకుండా పట్టుకుంటుంది. పొడుగాటి సన్నకాళ్లు కిందికి వేలాడుతుంటాయి. రెండు పాదాలూ ఒకేసారి నీటిని తాకుతాయి, లేస్తాయి, మళ్లీ తాకుతాయి. తల వంచి ముక్కుతో ఒక చుక్క అందుకుని, ఆ కుదుపులోనే జానెడు పక్కకి జరుగుతుంది. సరైన వెలుగు పడితే వేళ్ల మధ్య పొరలో పసుపు రంగు ఒక్క క్షణం మెరుస్తుంది. అది కనిపించిన రోజు నాకు ప్రయాణం ఖర్చు గుర్తుకు రాదు.

కిటుకంతా ఆ పాదాల్లో ఉంది. గాలి పక్షిని వెనక్కి నెడుతుంటే నీటిలో ఉన్న పాదాలు లంగరులా ఆపుతాయి. దాంతో గాలి రెక్కల మీదుగా పారుతూనే ఉంటుంది, పక్షి పెద్దగా రెక్కలాడించకుండా గాల్లో నిలబడగలుగుతుంది. 1979లో ఒక పరిశోధన దీన్ని గాలి, నీటి బలాల లెక్కలతో వివరించింది. శక్తి ఆదా చేసుకోవడానికి ఇంత చక్కటి ఏర్పాటు చేసుకున్న ఈ పక్షి నేల మీద మాత్రం సరిగా నిలబడలేదు. కాళ్లకి ఆ బలం లేదు, కింది కాళ్ల మీద కూర్చున్నట్టుగా పాకుతుంది.

ఏం తింటుంది?

ప్రధానంగా క్రిల్, అంటే చల్లటి సముద్రాల్లో గుంపులుగా ఉండే రొయ్యల్లాంటి చిన్న జీవులు. వాటితోపాటు చిన్న చేపలు, చిన్న స్క్విడ్‌లు, చనిపోయిన తిమింగలాల నుంచి, సీళ్ల నుంచి నీటి మీద తేలే కొవ్వు ముక్కలు. అన్నీ నీటి పైపొర నుంచే ఏరుకుంటుంది.

అంత పెద్ద సముద్రంలో తిండి ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?

వాసనతో. పక్షులకి వాసన సరిగా తెలియదని చిన్నప్పుడు మనం విన్నమాట ఈ జాతి విషయంలో పూర్తిగా తప్పు. సముద్రంలో కంటికి కనిపించనంత చిన్న మొక్కల్లాంటి జీవులుంటాయి, వాటినే ఫైటోప్లాంక్టన్ అంటారు. క్రిల్ వాటిని మేస్తున్నప్పుడు డైమిథైల్ సల్ఫైడ్ అనే వాయువు గాల్లోకి వస్తుంది. ఆ వాసన ఎక్కడ ఉంటే అక్కడ మేత ఉన్నట్టే. అంటార్కిటిక్ సముద్రంలో ఈ వాయువుని వదిలి చూసినప్పుడు విల్సన్ పెట్రెల్‌తోపాటు మరికొన్ని గొట్టపు ముక్కు పక్షులు దాని వైపు వచ్చాయని గాబ్రియెల్ నెవిట్ బృందం 1995లో ప్రచురించింది.

మన ఊరికి సంబంధించిన మాట ఒకటి ఇక్కడ చెప్పాలి. ప్రగతి నగర్‌లో ఇన్‌కాయిస్ ఉంది, అదే భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం. చేపలు ఎక్కువగా దొరికే చోట్ల గురించి మత్స్యకారులకి సూచనలిచ్చేది వీళ్లే. ఉపగ్రహాలు కొలిచిన సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత, క్లోరోఫిల్ చూసి ఆ చోట్లు గుర్తిస్తారు. క్లోరోఫిల్ ఉందంటే ఫైటోప్లాంక్టన్ ఉన్నట్టు. పక్షి వాసన పట్టుకుని వెళ్లే ఆచూకీ, ఉపగ్రహం రంగుని బట్టి పట్టుకునే ఆచూకీ రెండూ అదే ఫైటోప్లాంక్టన్ వైపు నడిపిస్తాయి.

మంచినీళ్లు ఎక్కడ తాగుతుంది?

సముద్రపు నీళ్లే తాగుతుంది. కళ్ల పైభాగంలో ఉన్న ఉప్పు గ్రంథులు రక్తంలోని అదనపు ఉప్పుని వేరు చేస్తాయి. చిక్కటి ఉప్పు ద్రవం ముక్కు గుండా బయటికి పోతుంది.

ఏడాదంతా అంటార్కిటికాలోనే ఉంటుందా?

ఉండదు. అక్కడి వేసవిలో, అంటే నవంబరు నుంచి మార్చి దాకా, పిల్లల పెంపకం. మార్చి, ఏప్రిల్‌లో చలి ముదురుతుంటే బయలుదేరి భూమధ్యరేఖ దాటి ఉత్తరానికి వస్తుంది. అట్లాంటిక్‌లో కొన్ని అమెరికా తూర్పు తీరం దాకా వెళ్తాయి, హిందూ మహాసముద్రం దారిన వచ్చేవి అరేబియా సముద్రంలో పెద్ద సంఖ్యలో చేరతాయి. మనకి ఎండాకాలం, వానాకాలం నడిచే నెలల్లో అవి మన పశ్చిమ తీరానికి ఎదురుగా ఉండి, అక్కడే పాత ఈకలు రాల్చి కొత్తవి తెచ్చుకుంటాయి. సెప్టెంబరు, అక్టోబరు నుంచి మళ్లీ దక్షిణం దారి పడతాయి.

## గూడు, గుడ్డు, పిల్ల

గూడు ఎక్కడ పెడుతుంది?

అంటార్కిటికా తీరంలో, చుట్టూ ఉన్న దీవుల్లో రాళ్ల సందుల్లోనూ, మెత్తటి నేల ఉంటే బొరియల్లోనూ. దక్షిణ షెట్లాండ్, సౌత్ జార్జియా, కెర్గెలెన్, ఫాక్‌లాండ్ దీవులు వీటి నివాసాలు. అంటార్కిటికాలో మన దేశపు పరిశోధన కేంద్రం భారతి స్టేషన్ 2012లో లార్స్‌మన్ హిల్స్‌లో మొదలైంది, ఆ కొండల్లో గూళ్లు పెట్టే కొద్ది రకాల పక్షుల్లో ఇదీ ఒకటి.

రాత్రిపూటే గూటికి వస్తుందట, ఎందుకు?

స్కువాల భయం. స్కువా అంటే ఆ దీవుల్లో గుడ్లని, పిల్లల్ని, చిన్న పక్షుల్ని వేటాడే పెద్ద సముద్ర పక్షి. నేల మీద సరిగా నడవలేని పెట్రెల్ పగటి వెలుగులో దిగితే దాని చేతికి చిక్కినట్టే. అందుకని చీకటిపడ్డాక వచ్చి, వెలుగు రాకముందే వెళ్లిపోతుంది.

చీకట్లో, వేల రాళ్ల మధ్య తన సందు ఏదో ఎలా పోల్చుకుంటుందని వెంటనే అడుగుతారు. అక్కడా వాసనే. కెర్గెలెన్‌లో చేసిన ప్రయోగాల్లో ఈ పక్షి తన జంట పక్షి వాసనని వేరే పక్షి వాసన నుంచి విడిగా గుర్తుపట్టిందని తేలింది. కూతలు కూడా తోడ్పడతాయి.

ఎన్ని గుడ్లు పెడుతుంది?

ఏడాదికి ఒక్కటే. తెల్లటి గుడ్డు, తల్లి బరువులో దాదాపు నాలుగో వంతు. తల్లీ తండ్రీ వంతులవారీగా పొదుగుతాయి. ఒకటి గుడ్డు మీద ఉంటే రెండోది సముద్రానికి వెళ్తుంది. పొదగడానికి ఆరు వారాల పైమాట, ఆ తర్వాత పిల్ల ఎగరడానికి మరో రెండు నెలలు. గుడ్డు పోతే ఆ ఏడాది అంతే. ఏడాదికి ఒక్క గుడ్డు పెట్టే జాతి నష్టం నుంచి తేరుకోవడానికి చాలాకాలం పడుతుంది, దీన్ని కాపాడే విషయంలో మొదట గుర్తుపెట్టుకోవలసింది అదే.

తల్లిదండ్రులు రోజుల తరబడి రాకపోతే పిల్ల ఎలా బతుకుతుంది?

తల్లిదండ్రులు క్రిల్‌ని, దాని నుంచి తయారైన చిక్కటి నూనెని కడుపులో మోసుకొచ్చి పిల్ల నోట్లో కక్కుతాయి. ఆ తిండి బలంతో పిల్ల కొవ్వు పట్టి ఒక దశలో తల్లిదండ్రుల కన్నా బరువెక్కుతుంది. అది దాని నిల్వ. తిండి రాని రోజుల్లో ఒంటి వేడిని తగ్గించుకుని మొద్దుగా పడి ఉంటుంది, అలా చేస్తే కొవ్వు త్వరగా కరిగిపోదు.

ఈ లెక్కని తలకిందులు చేసేది మంచు. గాలికి కొట్టుకొచ్చిన మంచు సందు మూతిని మూసేస్తే బయట ఉన్న తల్లి లోపలికి పోలేదు. ఆ బలహీనమైన కాళ్లతోనే తవ్వుతుంది. తవ్వలేనంతగా గడ్డకడితే లోపల ఉన్న పిల్ల ఆకలితో చనిపోతుంది. కొన్ని ఏళ్లలో ఒక కాలనీలోని, అంటే ఈ పక్షులు గుంపుగా గూళ్లు పెట్టే చోటులోని పిల్లలు చాలావరకు ఇలాగే పోతాయి.

## హైదరాబాద్ నుంచి వెళ్లి చూడాలంటే

హుసేన్ సాగర్ మీద నల్లగా, తోక దగ్గర తెల్లగా ఉన్న చిన్న పక్షిని చూశాను. అదేనా?

కాదు, అది స్విఫ్ట్. గోల్కొండ కోటలో, పాత కట్టడాల్లో, ఫ్లైఓవర్ల కింద ఈకలు, గడ్డి ఉమ్మితో అంటించి గూళ్లు కట్టే చిన్న స్విఫ్ట్‌కి కూడా నడుం దగ్గర తెల్లటి పట్టీ ఉంటుంది. అవి చెరువు మీద ఎగురుతూనే ముక్కు ముంచి నీళ్లు తాగుతాయి కాబట్టి పొరపాటు పడటం సహజం. రెక్కలు చూడండి: స్విఫ్ట్‌వి సన్నగా కొడవలిలా వంగి, వేగంగా ఆడతాయి. నీటి మీద కాళ్లు వేలాడేస్తే తప్ప పెట్రెల్ అనుకోవద్దు. పెట్రెల్ మంచినీటి చెరువుల పక్షి కాదు.

ఎక్కడికి వెళ్లాలి? విశాఖ దగ్గర కదా?

మనకి విశాఖ దగ్గరే, ఊరూ తెలిసిందే. కానీ ఈ పక్షిని నమ్మకంగా చూడాలంటే పశ్చిమ తీరమే నయం. మంగళూరు, మల్పే, కన్నూర్, కొచ్చి, గోవా వైపు నుంచి పక్షుల కోసం బోట్లలో లోపలికి వెళ్తుంటారు. కాచిగూడ నుంచి మంగళూరుకి రైలుంది, కాకపోతే రోజూ ఉండదు. టికెట్ చూసుకునే తేదీలు పెట్టుకోండి.

తీరం నుంచి చూస్తే కనిపించే పక్షి కాదిది. కనీసం ఇరవై, ముప్ఫై కిలోమీటర్లు లోపలికి వెళ్లాలి. ఇంకా ముందుకి, లోతు పెరిగే చోటికి వెళ్తే అవకాశాలూ పెరుగుతాయి.

ఏ నెలలో వెళ్తే మంచిది?

ఏప్రిల్ చివర నుంచి మే వరకు ఒక విడత, ఆగస్టు చివర నుంచి అక్టోబరు మొదటి వారం దాకా ఇంకో విడత. నాకైతే సెప్టెంబరే మేలనిపిస్తుంది. జూన్, జూలైలో పక్షులు సముద్రంలో ఉంటాయి కానీ మనం పోలేం. రుతుపవనాల అలలు ఒక కారణం, పశ్చిమ తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 దాకా మరబోట్ల వేట నిషేధం ఇంకో కారణం. తూర్పు తీరంలో ఆ నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు.

సముద్రం పడదు, వాంతులవుతాయని టెన్షన్. వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు, ముందు జాగ్రత్త ఉంటే చాలామందికి సర్దుకుంటుంది. వాంతుల మాత్ర గురించి ముందే డాక్టర్‌ని అడగండి. కడుపు తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా ఉపయోగం ఉండదు. ముందు రాత్రి బాగా నిద్రపోవాలి. పొద్దున రెండు ఇడ్లీలు చాలు, ఖాళీ కడుపూ వద్దు, బిర్యానీ అసలే వద్దు. బోటు మధ్యలో కూర్చుని దూరంగా నీళ్లూ ఆకాశం కలిసే గీతని చూస్తుండండి. కెమెరా స్క్రీన్ గానీ ఫోన్ గానీ అదేపనిగా చూసేవాళ్లకే ముందు తిప్పుతుంది.

బోటు మాట్లాడుకునే ముందు ఒక పట్టుదల ఉండాలి: మనిషికో లైఫ్ జాకెట్. "మాకు అలవాటేనండీ, ఏం కాదు" అని బోటువాళ్లు అన్నా వదలకండి. బయలుదేరే ముందు ఇన్‌కాయిస్ ఇచ్చే అలల సూచన చూసుకోండి, హెచ్చరిక ఉంటే ప్రయాణం మానుకోండి. డబ్బు పోయిందని బాధపడొద్దు.

బైనాక్యులర్, కెమెరా ఎలాంటివి కావాలి?

8x42 బైనాక్యులర్ సరిపోతుంది. ఊగే బోటులో 10x కన్నా అదే హాయి. కెమెరాకి 100-400 లెన్స్, షట్టర్ 1/2000 సెకను లేదా ఇంకా వేగం. ఉప్పు నీటి తుంపర్లు పడతాయి కాబట్టి కవరు తప్పదు, ఇంటికొచ్చాక తడిగుడ్డతో తుడవాలి.

వేరే స్టార్మ్ పెట్రెల్‌ల నుంచి ఎలా గుర్తుపట్టాలి?

మూడు చూడండి. తెల్లటి పట్టీ వెడల్పుగా ఉండి పక్కలకి దిగాలి. తోక చివర తిన్నగా ఉండాలి, చీలి ఉండకూడదు. ఎగిరేటప్పుడు పాదాలు తోక దాటి బయటికి కనిపించాలి. మన సముద్రాల్లో కనిపించే స్విన్‌హో స్టార్మ్ పెట్రెల్‌కి తెల్ల పట్టీ ఉండదు, తోక చీలి ఉంటుంది. కడుపు తెల్లగా ఉంటే ఇంకేదో రకం. డౌట్ ఉంటే పక్షుల రికార్డులు నమోదు చేసే వెబ్‌సైట్ ఈబర్డ్‌లో "స్టార్మ్ పెట్రెల్, జాతి తెలియదు" అని పెట్టేయండి. తప్పు పేరుతో పెట్టిన రికార్డు కన్నా అది ఎంతో మేలు.

పక్షుల్ని రప్పించడానికి చేపనూనె వేయడం సబబేనా?

కొద్దిగా వేస్తే ఇబ్బంది లేదు. చేప వ్యర్థాలు, చేపనూనె మాత్రమే వాడాలి. ప్లాస్టిక్ కవరుతో సహా నీళ్లలోకి విసిరేయడం, పక్షులు చేరాక బోటుని వాటి మీదికి పోనివ్వడం నేను ఒప్పుకోను. ఇంజన్ ఆపి పది నిమిషాలు ఓపిక పడితే అవే దగ్గరికొస్తాయి.

## సంఖ్య, భవిష్యత్తు

కోట్లలో ఉన్న పక్షికి ఏం ప్రమాదం?

ప్రపంచం మొత్తం మీద 1.2 కోట్ల నుంచి 3 కోట్ల దాకా ఉంటాయని అంచనా. ఏ జాతికి ఎంత ముప్పుందో అంచనా వేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ జాబితాలోనూ పెద్దగా ఆందోళన లేని వర్గంలోనే ఉంది. ఇది విని చాలామంది నిశ్చింతగా ఉంటారు. నేను ఉండలేను. కింగ్ జార్జ్ దీవిలో 1978 నుంచి 2020 వరకు సాగిన గణనల్లో అక్కడి కాలనీల్లో ఈ పక్షులు దాదాపు 90 శాతం తగ్గాయి. ఒక దీవి లెక్క ప్రపంచం లెక్క కాదు, నిజమే. కానీ రాళ్ల సందుల్లో దాక్కుని, రాత్రి మాత్రమే తిరిగే పక్షిని ప్రతి దీవిలోనూ లెక్కపెట్టడం కుదరని పని. ఏళ్ల తరబడి జాగ్రత్తగా లెక్కపెట్టిన చోట ఇంత తగ్గుదల కనిపిస్తే, "కోట్లలో ఉన్నాయిలే" అన్న మాట మీద ఆధారపడి ఊరుకోకూడదు.

వాతావరణం మారితే సముద్రపు మంచు, దాని కింద పెరిగే క్రిల్, గూటి మీద పడే మంచు అన్నీ కలిసి మారతాయి. వీటికి తోడు కొన్ని దీవుల్లో మనుషులతో వచ్చిన ఎలుకలు, పిల్లులు. ఈ చివరిదాన్ని మాత్రం సరిచేయవచ్చు. సౌత్ జార్జియాలో కొన్నేళ్లపాటు పనిచేసి ఎలుకల్ని పూర్తిగా తొలగించారు, 2018లో ఆ దీవిని ఎలుకలు లేనిదిగా ప్రకటించారు.

మెడికల్ షాపులో దొరికే క్రిల్ ఆయిల్ మాత్రలకి, దీనికి సంబంధం ఉందా?

ఉంది. ఆ నూనె అంటార్కిటిక్ క్రిల్ నుంచే తీస్తారు. అక్కడి వేటకి హద్దులు పెట్టేది సీసీఏఎమ్ఎల్ఆర్ అనే అంతర్జాతీయ సంస్థ. 1982 నుంచి ఉంది, మన దేశం కూడా సభ్యురాలే. పెంగ్విన్లు, తిమింగలాలు, ఈ పెట్రెల్‌లు మేసే చోట్లకే పడవలు కూడా చేరుతుండటం అసలు చిక్కు. ఒమేగా-3 కోసమే అయితే అవిసె గింజలున్నాయి, మన చేపలున్నాయి. నేను క్రిల్ మాత్రలు కొనను. మీకు డాక్టర్ రాసిచ్చి ఉంటే ఆయన్నే అడిగి నిర్ణయించుకోండి.

## పక్షి దొరికితే

తుఫాను తర్వాత మా అపార్ట్‌మెంట్ దగ్గర వింత సముద్ర పక్షి పడి ఉంది. నీళ్లలో వదలమంటారా?

వద్దు. బంగాళాఖాతంలో వచ్చిన తుఫాను గాలులు సముద్ర పక్షుల్ని లోపలి ఊళ్లకి మోసుకొచ్చి పడేస్తుంటాయి. అలా పడినది అలసిపోయి, తడిసి ఉంటుంది. బకెట్ నీళ్లలో గానీ చెరువులో గానీ వేస్తే మునిగిపోతుంది. గ్లౌజులు వేసుకుని, మెత్తటి గుడ్డతో పట్టుకుని, గాలి ఆడేలా చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో పెట్టండి. పెట్టె మూసి, చీకటిగా, సద్దు లేనిచోట ఉంచండి. అన్నం, పాలు, నూకలు ఏవీ పెట్టొద్దు, నోట్లో నీళ్లు పోయొద్దు. వెంటనే అటవీ శాఖకి గానీ పక్షుల్ని కాపాడే సంస్థకి గానీ ఫోన్ చేయండి. పిల్లలు ముచ్చటపడి చుట్టూ చేరతారు, పెట్టె మాటిమాటికీ తెరవనివ్వకండి. పెంచుకునే ఆలోచన అసలే వద్దు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి ఒప్పుకోదు, సముద్రం మీద తప్ప బతకలేని పక్షి ఇంట్లో నిలవదు కూడా. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి, బర్డ్ ఫ్లూ రోజులివి.

చనిపోయి కనిపిస్తే ఉపయోగం ఏమైనా ఉందా?

చాలా ఉంది. తాకకుండా ఫొటోలు తీయండి: పైవైపు, తోక, పాదాలు, ముక్కు పక్క నుంచి. కొలత తెలిసేలా పక్కన ఒక స్కేలో, పెన్నో పెట్టండి. తేదీ, చోటు రాసుకుని ఈబర్డ్‌లో ఎక్కించండి. కాలికి లోహపు రింగ్ ఉందేమో తప్పకుండా చూడండి. ఉంటే దాని మీది అక్షరాలు, అంకెలు అన్నీ స్పష్టంగా ఫొటో తీసి ముంబైలోని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపండి. మన దేశంలో రింగ్ వేసిన పక్షుల వివరాలు చూసేది వాళ్లే. రింగ్ వేరే దేశంలో వేసినదైనా సమాచారం అక్కడికి చేరుతుంది.